సూది వచ్చేదాకా

జిల్లా పేజీలో "కు.ని. ఆపరేషన్లు" అన్న హెడ్డింగ్ కనిపిస్తే, అది ఆడవాళ్ల గురించో కుక్కల గురించో కింద చదివితే గానీ తెలీదు. కుటుంబ నియంత్రణ అనే మాటని పొదుపు కోసం కుదించుకున్న తెలుగు పేపర్లు, ఆ రెండక్షరాలనే కుక్కలకీ కోతులకీ కూడా వాడుతున్నాయి. కుక్కకి కుటుంబమేంటి, అది నియంత్రించుకునేదేంటి అని నవ్వుకోవచ్చు. నాకు మాత్రం ఆ మాట అలా జారిపోవడంలో పెద్ద తప్పేం కనిపించదు. రెండు చోట్లా కోత ఒకరి ఒంటి మీద, లెక్క ఇంకొకరి పుస్తకంలో.

ఈ వ్యాసం ఆ రెండో రకం ఆపరేషన్ గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ ఆపరేషన్ అవసరం లేకుండా చేయగల ఒక మందు గురించి. కుక్కకి గానీ పిల్లికి గానీ ఒక్క ఇంజెక్షన్ ఇస్తే ఇక జన్మలో పిల్లలు పుట్టకూడదు. కత్తి, కుట్లు, మత్తుమందు, రోజుల తరబడి బోను, ఇవేవీ ఉండకూడదు. ఆడదానికీ మగదానికీ పనిచేసే అలాంటి మందు ఇప్పటికి లేదు. దాని కోసం పరిశోధన జరుగుతోంది. ఆ పరిశోధనకి డబ్బు పెట్టడం మన బాధ్యతా? పిల్లల్ని కుక్కలు కరుస్తున్న ఊళ్లలో, ఎప్పటికి వస్తుందో తెలీని మందు మీద ప్రజల డబ్బు పెట్టమనడం న్యాయమేనా?

నాది డిచ్‌పల్లి. ఉద్యోగం హైదరాబాద్‌లో, సాఫ్ట్‌వేర్. బయాలజీ పుస్తకం మూసేసింది పదో తరగతిలో. కాబట్టి ఆ మందు ఎలా పనిచేస్తుందన్న దానికంటే, ఇందులో ఎవరు ఎవరికి బాకీ ఉన్నారన్న దాని మీదే నాకు ఆసక్తి ఎక్కువ.

*

ముందు ఇప్పుడున్న పద్ధతి చూద్దాం. 2001లో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నియమాలు గానీ, వాటి స్థానంలో 2023 మార్చిలో వచ్చిన కొత్త నియమాలు గానీ చెప్పేది స్థూలంగా ఒకటే. వీధికుక్కని పట్టుకోవాలి, ఆపరేషన్ చేయాలి, రేబిస్ టీకా వేయాలి, గుర్తుగా చెవికి గాటు పెట్టాలి, కోలుకున్నాక పట్టుకున్న చోటే వదలాలి. బాధ్యత స్థానిక సంస్థలది. కాగితం మీద ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

ఇప్పుడు దీన్ని డిచ్‌పల్లి చుట్టుపక్కల ఒక మామూలు గ్రామ పంచాయతీకి తెచ్చి చూడండి. ఆడకుక్కకి చేసేది కడుపు కోసి చేసే ఆపరేషన్. దానికి థియేటర్ కావాలి, చెయ్యి తిరిగిన పశువైద్యుడు కావాలి, మత్తు కావాలి, కుట్లు మానేదాకా ఉంచడానికి బోన్లు కావాలి, వలేసి పట్టేవాళ్లు కావాలి, బండి కావాలి. ఇవన్నీ ఉన్న హైదరాబాద్‌లోనే కుక్కల సమస్య తీరలేదు. వీధిలైటు మార్చడానికే నిధుల కోసం ఎదురుచూసే పంచాయతీకి ఇవన్నీ ఎక్కణ్ణించి వస్తాయి?

2019 పశుగణన ప్రకారం దేశంలో వీధికుక్కలు 1.53 కోట్లు. సంఖ్య తగ్గాలంటే ఒక ప్రాంతంలో కనీసం 70 శాతం కుక్కలకి, అదీ తక్కువ కాలంలో, ఆపరేషన్లు అయిపోవాలని ఈ రంగంలో పనిచేసేవాళ్లు చెప్తారు. అంటే దాదాపు కోటీ ఏడు లక్షల ఆపరేషన్లు. పట్టడం, కోయడం, మేపడం అన్నీ కలిపి తలకి వెయ్యి రూపాయలే అవుతాయని అనుకుందాం. 1,070 కోట్లు. అనుకున్న టైంలో పూర్తి కాకపోతే మిగిలిన కుక్కలు పెట్టే పిల్లలతో లెక్క మళ్లీ మొదటికొస్తుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే ఇది స్కేల్ కాని సొల్యూషన్. నూటికి నలభై చేసి ఆగిపోతే, కొన్నేళ్లకి ఆ నలభై ఆనవాలు కూడా మిగలదు.

పద్ధతి మంచిదే. కానీ అది నగరం కోసం పుట్టిన పద్ధతి. ఊళ్లకి ఆపరేషన్ రాదు. మరి ఊళ్లకి ఏం వచ్చింది?

2026 జనవరిలో హనుమకొండ, కామారెడ్డి జిల్లాల్లో కొన్ని ఊళ్లలో వందల కుక్కల్ని విషపు ఇంజెక్షన్లతో చంపారని పోలీసు కేసులు నమోదయ్యాయి. అప్పుడే అయిన పంచాయతీ ఎన్నికల్లో ఇచ్చిన హామీ నెరవేర్చుకోవడానికే అలా చేశారన్నది ఆరోపణ. కామారెడ్డి 2016 దాకా మా నిజామాబాద్ జిల్లాలోదే. పిల్లలు పుట్టకుండా చేసే సూది ఇంకా ప్రయోగశాలలోనే ఉంది. ఈలోగా మా వైపు ఊళ్లకి ఇంకో సూది వచ్చేసింది.

ఆ హామీ ఇచ్చినవాళ్లని రాక్షసులనుకుంటే పని తేలికైపోతుంది. కానీ ఆ హామీకి ఓట్లేసిన మనుషులు ఉన్నారు, వాళ్ల భయానికి కారణం ఉంది. 2023 ఫిబ్రవరి 19న హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లాడిని వీధికుక్కలు చంపేశాయి. బతుకుతెరువు కోసం మా జిల్లా నుంచి పట్నం వెళ్లిన కుటుంబం అది. ఆ సీసీటీవీ వీడియో దేశమంతా తిరిగింది. హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. ఆ వీడియో చూసిన తల్లికి జీవకారుణ్యం గురించి పాఠం చెప్పే అర్హత నాకుందని అనుకోను. గేటెడ్ కమ్యూనిటీలో ఉండే జంతుప్రేమికుడికీ, పొలం నుంచి చీకటిపడ్డాక నడిచొచ్చే కూలీకీ ఒకే కుక్క రెండు రకాల జంతువు.

*

మందు కోసం డబ్బు పెట్టాలన్న మాట మా చిన్నాయన దగ్గర అంటే ఆయన రెండు మాటలన్నాడు. "గా సూది వస్తే ఏమైతది బిడ్డా? ఆపరేషన్ జేసిన కుక్క కరుస్తది, సూదేసిన కుక్క గూడ కరుస్తది. నోరు గదే గదా." రెండోది: "గా పైసలతోని మన దవాఖాన్ల కుక్క కరిచినోల్లకు సూదులు వెట్టియ్యరాదా?"

ఈ విషయం మీద నేను చదివిన ఇంగ్లీషు వ్యాసాలన్నీ ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతాయి. ఇంత సూటిగా మాత్రం అడగవు.

మొదటి ప్రశ్నకి నిజాయితీగా సమాధానం: అవును, కరుస్తుంది. సంతానం ఆగినంత మాత్రాన నోరు మూతపడదు. పిల్లల్ని పెట్టిన కుక్క దగ్గరకెళ్తే మీదికొస్తుంది, ఎదకొచ్చిన కుక్క చుట్టూ గుంపు చేరి కొట్లాడుకుంటాయి, అవి తగ్గుతాయి. మిగతాదంతా ఏళ్ల మీద సంఖ్య తగ్గితే కనిపించే ఫలితం. కాబట్టి ఈ మందుని కుక్కకాటుకి విరుగుడు అని చెప్పి డబ్బు అడగడం మోసం. ఈ ఏడాది కరిచే కుక్కలు ఇప్పటికే పుట్టేశాయి. మందు అవసరం వచ్చే పదేళ్ల గురించి.

రెండో ప్రశ్న ఇంకా బరువైంది. ఐసీఎంఆర్ 2022-23లో దేశవ్యాప్తంగా చేసిన సర్వే అంచనా ప్రకారం మన దేశంలో ఏడాదికి 91 లక్షల జంతు కాట్లు, దాదాపు 5,700 రేబిస్ మరణాలు. కాట్లలో మూడొంతుల పైగా కుక్కలవే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు, లక్షణాలకి ముందే టీకా పడితే దాదాపు ఎవరూ చావరు. ఇంత ఖచ్చితమైన మందు చేతిలో ఉండగా, అది అందక ఒక్కరు చనిపోయినా, ఆ రూపాయి ఇంకెక్కడ పెట్టినా తప్పే కదా?

"ఆ బడ్జెట్ వేరు, ఈ బడ్జెట్ వేరు" అనేది చాలామంది చెప్పే జవాబు. నాకు అది నచ్చదు. ఖజానా ఒక్కటే. వేరు వేరు పద్దులు మనం గీసుకున్న గీతలు. చిన్నాయనకి జవాబు చెప్పాలంటే, టీకా కథలోంచే చెప్పాలి.

పాత తరంవాళ్లని ఎవర్నడిగినా చెప్తారు: కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. అది 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ తయారుచేసిన టీకా. గొర్రె మెదడు కణజాలంతో చేసేది. నొప్పి ఒక సంగతి, కొందరికి ఆ టీకా వల్లే పక్షవాతం లాంటి జబ్బులు వచ్చేవి. 1970ల నాటికే కణ వర్ధనంతో చేసిన సురక్షితమైన టీకాలు విదేశాల్లో వచ్చేశాయి. మన సర్కారు దవాఖానాలకి గొర్రె మెదడు టీకా తయారీ ఆగిపోయింది ఎప్పుడో తెలుసా? 2004 చివర్లో. ఏళ్ల తరబడి డబ్బున్నవాడికి చేతికి నాలుగైదు సూదులు, లేనివాడికి పొట్ట మీద పద్నాలుగు. ఇవాళ హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ మనుషులకి అభయ్‌రాబ్, జంతువులకి రక్షారాబ్ తయారుచేస్తోంది. ఆ మార్పు దానంతటది రాలేదు. ఎక్కడో ఎవరో, పాత టీకా పనిచేస్తూనే ఉన్న కాలంలో, కొత్తదాని మీద డబ్బూ ఏళ్లూ పెట్టారు.

1965లో ఎవరైనా "కొత్త టీకా పరిశోధన ఎందుకు, ఆ డబ్బుతో ఉన్న టీకానే ఇంకో పది ఊళ్లకి పంపండి" అని ఉంటే, ఆ ఏడాదికి ఆ మాట కరెక్టే. ప్రతి ఏడాదికీ అది కరెక్టే. ఏ ఏడాది చూసినా ఇవాళ్టి అవసరమే ముందుంటుంది, అందుకే బీదవాళ్ల సమస్యకి పరిశోధన ఎప్పుడూ వాయిదా పడుతుంది. పాతదీ, నొప్పిదీ, చవకదీ వాళ్ల దగ్గర శాశ్వతంగా ఉండిపోతుంది. కాబట్టి చిన్నాయనా, ముందు రూపాయి దవాఖానాకే, ఒప్పుకుంటాను. కానీ ప్రతి రూపాయీ దవాఖానాకే అంటే, మన మనవలు కూడా ఇదే మాట మాట్లాడుకుంటూ ఉంటారు.

*

ఇంతకీ పరిశోధన ఎక్కడుంది? 2008లో అమెరికాలో గ్యారీ మిచెల్సన్ అనే వెన్నెముక సర్జన్ ఒక బహుమతి ప్రకటించాడు. ఒక్క డోసుతో, శాశ్వతంగా, ఆడామగా కుక్కలకీ పిల్లులకీ పనిచేసే మందు కనిపెట్టినవాళ్లకి 2.5 కోట్ల డాలర్లు. ఇప్పటి మారకంలో 200 కోట్ల రూపాయల పైమాటే. పరిశోధనలకి గ్రాంట్ల కోసం ఇంకో 5 కోట్ల డాలర్లు. ఇన్నేళ్లైనా ఆ బహుమతి ఎవరికీ అందలేదు.

దగ్గరగా వచ్చినవాళ్లు ఉన్నారు. 2023 జూన్‌లో నేచర్ కమ్యూనికేషన్స్‌లో ఒక పేపర్ వచ్చింది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్, సిన్సినాటి జూ పరిశోధకులు కలిసి చేశారు. అండాశయంలో అండాల ఎదుగుదలని అదుపు చేసే ఒక హార్మోను ఉంది. దాని జన్యువుని హాని చేయని వైరస్‌లో పెట్టి పిల్లి కండరంలోకి ఒకే ఒక్కసారి ఎక్కించారు. కండరమే ఆ హార్మోనుని తయారుచేస్తూ పోతుంది. మొత్తం తొమ్మిది ఆడపిల్లులు. మందు ఇచ్చిన ఆరింటిలో ఒక్కటీ కడుపుతో కాలేదు. ఇవ్వని మూడూ పిల్లల్ని పెట్టాయి. రెండేళ్ల పాటు గమనించారు, చెప్పుకోదగ్గ హాని కనిపించలేదు. ఆ పనికి మిచెల్సన్ గ్రాంటు సాయం ఉంది. తొమ్మిది పిల్లుల నుంచి కోటి కుక్కల దాకా ఉన్న దూరం చాలా పెద్దది. కుక్కల్లో పనిచేస్తుందని తేలాలి, ధర దిగిరావాలి, చలువ పెట్టెలో ఊరూరా మోసుకెళ్లగలగాలి.

రెండో కథ మనదే. 2000ల్లో పశ్చిమ బెంగాల్‌లో కులదీప్ జానా, పి.కె. సామంత అనే శాస్త్రవేత్తలు కాల్షియం క్లోరైడ్ అనే మామూలు లవణాన్ని మగ వీధికుక్కల వృషణాల్లోకి ఒక్కసారి ఎక్కించి చూశారు. వీర్యకణాలు ఆగిపోయాయి. 2007లో ఆ ఫలితాలు కాంట్రసెప్షన్ అనే జర్నల్లో వచ్చాయి. తర్వాత ఇటలీలో దాన్ని ఆల్కహాల్‌లో కలిపి ఇంకా మెరుగు చేశారు. ఖర్చు నామమాత్రం. అయినా అది మందుల షాపుల్లోకి రాలేదు. పేటెంట్ రాని మామూలు లవణానికి కోట్లు పోసి, పరీక్షలన్నీ చేయించి, అనుమతి తెచ్చుకోవాలని ఏ కంపెనీకి ఉంటుంది? పైగా అది మగకుక్కలకే. వీధిలో ఒక్క మగది మిగిలినా ఆడకుక్కలన్నీ పిల్లలు పెడతాయి కాబట్టి, అసలు కావాల్సింది ఆడదానికి పనిచేసే మందు.

ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెడితే డబ్బు ఎవరు పెట్టాలన్న ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. వీధికుక్క కస్టమర్ కాదు. దానికి యజమాని లేడు, ఉన్నా బిల్లు కట్టడు. ఫలితం ఊరందరిదీ, కాబట్టి కొనే మనిషి ఎవరూ ఉండరు. అమెరికా సర్జన్ బహుమతి మంచి పనే, కానీ బహుమతి గెలిచాకే డబ్బిస్తుంది, గ్రాంటు దక్కనివాళ్లు ఓడిపోతే వాళ్ల ఖర్చు ఎవరూ భరించరు. ఆయన అడిగిన లక్షణాల్లో ధర, చలువ పెట్టె, కరెంటు పోయే పశువుల దవాఖానా అన్నవి మనకి ముఖ్యమైనంతగా అమెరికాలో ముఖ్యం కావు. వీధికుక్కలు కోటిన్నర ఉన్న దేశం తన సమస్యని దాతల దయకి వదిలేసి కూర్చోవడం నాకు సబబుగా తోచదు. పై లెక్క ప్రకారం ఒక విడత ఆపరేషన్ల ఖర్చులో ఐదో వంతు ఆ మొత్తం బహుమతి. ప్రభుత్వానికి అది పెద్ద మొత్తమేమీ కాదు.

*

ఇక్కడిదాకా మనుషుల లాభం గురించే మాట్లాడాను. కుక్క సంగతేంటి?

పుట్టని కుక్కపిల్లకి మనం మేలు చేశామని చాలామంది అంటారు. ఆ మాట నిలబడదు. పుట్టనివాళ్లకి మేలూ కీడూ ఉండవు. మేలు పొందడానికి అక్కడ ఎవరో ఒకరు ఉండాలి కదా. అయితే బతికున్నవాటికి జరిగేది కొలవచ్చు. కోల్‌కతా ఐసర్ పరిశోధకులు 95 ఈతల్లో పుట్టిన 364 వీధికుక్కపిల్లల్ని వెంబడించి చూస్తే, పిల్లల్ని కనే వయసు దాకా బతికినవి 19 శాతం. చచ్చిపోయినవాటిలో 63 శాతం చావులకి కారణం ఏదో ఒక రకంగా మనుషులే. అంటే ఆ తల్లికుక్క కాన్పు కాన్పుకీ ఐదింటిలో నాలుగు పిల్లల్ని పోగొట్టుకుంటోంది. సంతానం ఆపితే తల్లి ఒంటికి దక్కే విశ్రాంతి, మిగిలిన కుక్కలకి దక్కే తిండి, ఇవి నిజమైన లాభాలు. కుక్క పక్షాన మాట్లాడాలంటే వీటి మీద నిలబడి మాట్లాడొచ్చు.

కానీ తత్వవేత్తల్లో ఇక్కడ గొడవ ఉంది. గ్యారీ ఫ్రాన్సియోన్ లాంటివాళ్లు జంతువుల్ని పెంపుడువాటిగా మార్చడమే అన్యాయం, ఉన్నవాటిని బాగా చూసుకుని కొత్తవి పుట్టకుండా ఆపేయాలంటారు. సూ డొనాల్డ్‌సన్, విల్ కిమ్లికా 2011లో రాసిన జూపోలిస్ దీనికి ఎదురు వాదన. మనతో కలిసి బతుకుతున్న జంతువులు ఒక రకంగా సహపౌరులు, వాటిని లేకుండా చేసి బాధ్యత తీరిందనుకోకూడదంటారు. నాకు రెండోదే దగ్గరగా అనిపిస్తుంది. మనం ఊరకుక్క అంటాం. ఆ మాటలోనే ఊరు ఉంది. ఎవరిదీ కాని కుక్క అనే అర్థంలో వాడతాం గానీ, మాట మాత్రం అది ఊరిది అనే చెప్తోంది. ఊరిది అయినప్పుడు, దాని సంతానాన్ని ఆపే హక్కు ఊరికి ఉందనుకుంటే, దాని టీకా, దాని తిండి, దాని చావు కూడా ఊరి లెక్కలోకే రావాలి. ఒక్క హక్కు తీసుకుని మిగతాది వదిలేస్తే దాన్ని నియంత్రణ అనొచ్చు, బాధ్యత అనలేం.

కోత లేనంత మాత్రాన దయ ఉన్నట్టు కాదని మా చెరుకు, వరి పొలాల వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. కోడెని నాగలికి లొంగే ఎద్దుగా మార్చడానికి ఒకప్పుడు దాని వృషణాలని కర్రల మధ్య నలగ్గొట్టేవాళ్లు. తర్వాత పశువుల దవాఖానాల్లోకి బర్డిజో పట్టుకారు వచ్చింది. అది కూడా రక్తం రాని, కత్తి లేని పద్ధతే.

*

నాకు అసలు భయం వేరే చోట ఉంది. ఇంజెక్షన్ తేలిక, ఆ తేలికే ప్రమాదం కూడా.

1985లో పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్‌ని ఆడవాళ్ల మీద పరీక్షించే కార్యక్రమం ఐసీఎంఆర్ తరఫున జరిగింది. అది ప్రయోగమన్న సంగతి అక్కడికొచ్చిన ఆడవాళ్లకి సరిగ్గా చెప్పలేదని హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన నిలదీసింది. మరుసటి ఏడాది సంఘాలు కలిసి సుప్రీంకోర్టుకి వెళ్లాయి. ఆపరేషన్ అయితే కనీసం టేబుల్ ఎక్కాలి, మనిషికి ఏదో జరుగుతోందని తెలుస్తుంది. సూదికి అది కూడా అక్కర్లేదు. అలాగని ఆపరేషన్ తనంతట తాను రక్షణ ఇవ్వదు. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో ఒక్క రోజే 34 మందికి కు.ని. ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. పద్ధతి ఏదైనా, టార్గెట్ పెట్టుకుని మందని మందగా చూసిన చోట ఒకటే జరుగుతుంది.

మనుషుల్నీ కుక్కల్నీ ఒకే గాటన కట్టడం లేదు. పటాన్‌చెరు ఆడవాళ్లని అడగొచ్చు, అడగలేదు. కుక్కని అడగలేం. అడగలేని చోట అడగాల్సిన అవసరం తీరిపోదు, మన మీద బరువు పెరుగుతుంది. దాని తరఫున ఆలోచించే పని కూడా మనదే అవుతుంది. ఇప్పటి ఆపరేషన్ పద్ధతిలో ఎంత లోపమున్నా ఒక మంచి ఉంది. కుక్క ఒక డాక్టరు చేతిలోకి వస్తుంది, టీకా పడుతుంది, చెవి మీద గుర్తు పడుతుంది, పుస్తకంలో ఎక్కుతుంది. రేపు సూది వచ్చాక, కాంట్రాక్టరు మనిషి బండి మీద తిరుగుతూ రోజుకి రెండొందలు పొడిచి బిల్లు పెట్టుకుంటే, ఏ కుక్కకి పడిందో, ఏ కుక్కకి రెండుసార్లు పడిందో, సీసాలో మందే ఉందో నీళ్లే ఉన్నాయో ఎవరికి తెలుస్తుంది? ఒక్క డోసుతో శాశ్వతంగా సంతానం ఆపే మందు ఏ షాపులో పడితే ఆ షాపులో దొరికితే, అది కుక్కల దగ్గరే ఆగుతుందని ఎవరు పూచీ? 1976లో ఒక్క ఏడాదిలో 60 లక్షల మందికి పైగా మగవాళ్లకి ఆపరేషన్లు చేసిన దేశం మనది.

అందుకే ఈ పరిశోధన ప్రజల డబ్బుతో జరగాలంటున్నాను. ప్రైవేటు గదిలో పుట్టిన మందుకి షరతులు తర్వాత పెట్టాలి. మన డబ్బుతో పుట్టే మందుకి ముందే పెట్టొచ్చు. పశువైద్యుడి చేతికే ఇవ్వాలని, రేబిస్ టీకా లేకుండా ఈ సూది వేయకూడదని, ప్రతి కుక్కకీ గుర్తు ఉండాలని, ఫలితాలన్నీ బయట పెట్టాలని.

*

మా డిచ్‌పల్లిలో దీనికి ఒక పాత ఉదాహరణ ఉంది. 1915లో ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరు, ఆమె భర్త జార్జ్ కెర్ ఇక్కడ కుష్ఠురోగుల కోసం విక్టోరియా ఆస్పత్రి తెరిచారు. నిజామాబాద్‌కి చెందిన నర్సాగౌడ్ దానికి విరాళం ఇచ్చాడు. కుష్ఠు వచ్చినవాణ్ని ఊరి బయటికి పంపడమే తెలిసిన కాలం అది. కెర్ అక్కడ పుళ్లు కడిగి, అన్నం పెట్టి, అదే చోట కలకత్తాలో ఎర్నెస్ట్ మ్యూర్ చెప్పిన కొత్త పద్ధతిలో నూనె ఇంజెక్షన్లు కూడా మొదలుపెట్టింది. తర్వాత డిచ్‌పల్లిలో పనిచేసిన జాన్ లోవ్ అనే డాక్టరు, 1940ల చివర్లో నైజీరియాలోని ఉజువాకోలిలో డాప్సోన్ మాత్రలు తక్కువ ఖర్చుతో కుష్ఠుని అదుపు చేస్తాయని చూపించినవాళ్లలో ఒకడయ్యాడు.

రోగుల్ని కుక్కలతో పోల్చడానికి ఈ సంగతి తేలేదు. పోలిక మన అలవాటుతో. భయం వేసినదాన్ని ఊరి బయటికి తోలేయడం మనకి వచ్చిన మొదటి పరిష్కారం, ఎప్పుడూ అదే. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకి పంపమంది. ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని సవరించి, రేబిస్ ఉన్నవీ మీదపడేవీ తప్ప మిగతావాటిని టీకా, ఆపరేషన్ అయ్యాక ఎక్కడివక్కడ వదలమంది. నవంబరులో బడులు, ఆస్పత్రులు, బస్‌స్టాండుల్లాంటి చోట్ల పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలొద్దంది. బడి ఆవరణలో కుక్క ఉండకూడదన్న మాటతో నాకు పేచీ లేదు. కానీ ఏ ఊరి బయటికి పంపినా అక్కడా ఇంకో ఊరు ఉంటుంది.

డిచ్‌పల్లి ఆస్పత్రి నాకు నేర్పే సంగతి ఇది. ఇవాళ్టి సేవకీ రేపటి పరిశోధనకీ పోటీ పెట్టక్కర్లేదు. పుండు కడిగిన చోటే మందు పరీక్ష జరిగింది. పుండు కడిగినవాళ్లకే ఏ మందు కావాలో తెలిసింది. కుక్కల విషయంలోనూ ఆపరేషన్ కేంద్రాలే పరిశోధన కేంద్రాలు కావచ్చు. ఎలాగూ ఆపరేషన్ జరగబోయే కుక్కల మీదే, డాక్టరు కళ్ల ముందే, కొత్త మందు పరీక్షిస్తే, ప్రయోగాల కోసం కుక్కల్ని విడిగా పెంచి బోన్లలో పెట్టాల్సిన పాపం కూడా తగ్గుతుంది. కుక్కల్ని కాపాడే మందు కోసం ఎన్ని కుక్కల్ని హింసించొచ్చన్న ప్రశ్నకి పూర్తి జవాబు నా దగ్గర లేదు. ఆ సంఖ్య తక్కువ ఉండే దారి మాత్రం ఇదే అనిపిస్తుంది.

నన్నడిగితే వరస ఇలా ఉండాలి. కుక్క కరిచిన మనిషికి మండల కేంద్రంలోనే టీకా దొరకడం మొదటిది. ఊళ్లో కుక్కలకి ఏటా రేబిస్ టీకా రెండోది. దానికి థియేటరూ బోన్లూ అక్కర్లేదు, ఇవాళే మొదలుపెట్టొచ్చు. నాలుగైదు మండలాలకి కలిపి ఒక ఆపరేషన్ కేంద్రం మూడోది. ఈ మూడింటికీ పెట్టే డబ్బులో చిన్న భాగాన్ని, పదేళ్ల పాటు ఎవరూ ముట్టుకోకుండా, ఆ సూది కోసం కేటాయించడం నాలుగోది. నాలుగోదాన్ని చూపించి మొదటి మూడింటినీ ఆపినా, మొదటి మూడింటినీ చూపించి నాలుగోదాన్ని ఆపినా, నష్టపోయేది చీకట్లో నడిచొచ్చే ఆ కూలీ, ఆ తల్లికుక్క.

మందు వచ్చే ఏడాది రావచ్చు, ఇరవై ఏళ్లు పట్టొచ్చు. అది వచ్చిన రోజున కూడా ఊళ్లో ఎవరో ఒకరు కుక్కని పేరు పెట్టి పిలిచి, భయపెట్టకుండా దగ్గరికి తీసుకుని పట్టుకోవాలి. ఆ మనిషి ఇప్పటికే మన ఊళ్లలో ఉన్నాడు, ఉంది. రాత్రి మిగిలిన అన్నం గడపవతల పెడుతూ ఉంటుంది. ఆమెకి ఒక జీతం, ఒక రిజిస్టరు, రెండు సీసాల రేబిస్ టీకాతో వచ్చే ఒక డాక్టరు, ఇవి ఇవ్వడానికి ఏ పరిశోధనా పూర్తి కానక్కర్లేదు.